మటిల్డా చదివిన బడి

మన స్వర్ణోత్సవ సంచికలో చాలామంది మన బడి గురించే రాస్తారని తెలుసు కనుక నేను మరో బడి గురించి రాస్తున్నాను. దాని పేరు క్రంచెమ్ హాల్. ఏ దేశపు పటంలోనూ కనిపించదు. బ్రిటిష్ రచయిత రోల్డ్ డాల్ 1988లో అచ్చయిన తన 'మటిల్డా' నవలలో ఆ బడిని కల్పించాడు. 2010లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ దానికి పాటలు కట్టించి రంగస్థలం మీదికి తెచ్చింది. మరుసటి ఏడాది లండన్ చేరిన ఆ నాటకం, కోవిడ్ కాలంలో థియేటర్లు మూతపడ్డ రోజులు తప్పిస్తే, అక్కడ ఆడుతూనే ఉంది.

పిల్లల కథల్లో భయం మా తరానికి కొత్త కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'మకరదేవత' సీరియల్స్ కోసం నెలంతా ఎదురుచూసిన వాళ్ళం. మంత్రాలు, రాక్షసులు, పాడుబడ్డ కోటలు, వాటికి తోడు చిత్రా గారి బొమ్మలు. రాత్రి పూట పెరట్లోకి ఒంటరిగా వెళ్ళడానికి జంకేవాళ్ళం. అయినా ఆ మాంత్రికుడు ఎక్కడో అడవిలో ఉండేవాడు. పుస్తకం మూస్తే పీడ వదిలేది. డాల్ కథలో మాంత్రికురాలి వంటి మనిషి హెడ్మిస్ట్రెస్ గదిలో ఉంటుంది. పుస్తకం మూసేసి పొద్దున్నే వెళ్ళవలసింది ఆవిడ బడికే.

కథ తెలియని వారి కోసం నాలుగు మాటలు. మటిల్డా అయిదేళ్ళ పిల్ల. తండ్రి పాత కార్లకు మెరుగులు దిద్ది జనాన్ని మోసం చేసి అమ్ముకునే రకం. తల్లికి తన సోకులు తనవి. వాళ్ళింట్లో పుస్తకమంటే తిట్టు. పిల్ల మాత్రం ఊరి లైబ్రరీలో కూర్చుని డికెన్స్ దాకా చదివేస్తుంది. బడిలో వేస్తే అక్కడ ప్రధానోపాధ్యాయురాలు మిస్ ట్రంచ్‌బుల్. ఒకప్పుడు ఒలింపిక్స్‌లో హ్యామర్ త్రో ఆడిన మనిషి. ఇప్పుడు హ్యామర్ బదులు పిల్లలు. రెండు జడలు వేసుకొచ్చిందని ఒక పిల్లను ఆ జడలు పట్టుకుని గిరగిరా తిప్పి కంచె అవతలికి విసిరేస్తుంది. కేకు ముక్క దొంగిలించాడని ఒక పిల్లవాడి చేత బడి అందరి ముందూ కేకు మొత్తం తినిపిస్తుంది. గాజు పెంకులు, మేకులు దిగేసిన ఇరుకు బీరువా ఒకటుంది, పేరు చోకీ. అందులో కూర్చోవడానికి వీల్లేదు, గోడకు ఆనుకోవడానికీ వీల్లేదు. వీటన్నిటి మధ్య మిస్ హనీ అనే మెత్తని టీచరు ఒకామె. మటిల్డాకు కోపం పొంగి పొంగి, చివరకు కంటి చూపుతో వస్తువులను కదిలించే శక్తి వస్తుంది.

ఇదంతా ఊరికే పుట్టిన ఊహ కాదు. డాల్ 1916లో వేల్స్‌లోని కార్డిఫ్ దగ్గర లాండాఫ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు నార్వే వాళ్ళు. మూడేళ్ళ వయసులో, కొద్ది వారాల తేడాతో అక్కనూ తండ్రినీ పోగొట్టుకున్నాడు. ఏడెనిమిదేళ్ళప్పుడు స్నేహితులతో కలిసి మిఠాయి కొట్టు జాడీలో చచ్చిన ఎలుకను పెట్టాడు. ఆ కొట్టు యజమానురాలు బడికి వచ్చి పిల్లలను గుర్తుపట్టింది. హెడ్మాస్టరు ఒక్కొక్కరినీ వంగబెట్టి బెత్తంతో కొడుతుంటే ఆవిడ కుర్చీలో కూర్చుని ఇంకా గట్టిగా కొట్టమని ఎగదోసిందట. ఆ రాత్రి స్నానం చేయిస్తూ వాతలు చూసిన తల్లి తిన్నగా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి నిలదీసింది. తర్వాత ఇంగ్లండులో బోర్డింగు స్కూలు, ఆ తర్వాత రెప్టన్. రెప్టన్‌లో పెద్ద తరగతి కుర్రాళ్ళకు చిన్న కుర్రాళ్ళు నౌకర్లు. చలికాలం పొద్దున పెద్దవాడు వెళ్ళే ముందు మరుగుదొడ్డి బల్ల మీద కూర్చుని దాన్ని వెచ్చబెట్టడం కూడా డాల్‌కు అప్పగించిన పనుల్లో ఒకటి. కొట్టే అధికారం పెద్ద కుర్రాళ్ళకూ ఉండేది.

ఈ సంగతులన్నీ డాల్ 1984లో 'బాయ్' అనే పుస్తకంలో రాశాడు. అందులో ఒక చిక్కు ఉంది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కాసేపు ఆగవలసిన చోటు ఇది. తన స్నేహితుణ్ణి నెత్తురు కారేలా కొట్టిన హెడ్మాస్టరు ఆ తర్వాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడని డాల్ రాశాడు. అంటే జెఫ్రీ ఫిషర్. ఎలిజబెత్ రాణికి కిరీటం పెట్టింది ఆయనే. జీవిత చరిత్రకారులు తేదీలు తిరగేసి చూస్తే ఆ దెబ్బలు పడింది 1933లో అని తేలింది. ఫిషర్ 1932లోనే రెప్టన్ వదిలి బిషప్‌గా వెళ్ళిపోయాడు. కొట్టింది ఆయన తర్వాత వచ్చిన హెడ్మాస్టరు. యాభై ఏళ్ళ తర్వాత డాల్ జ్ఞాపకంలో కొట్టిన మనిషి పేరు మారిపోయింది. దెబ్బ, ఆ గది, ఆ నెత్తురు మారలేదు. ఫిషర్ గారికి ఇది అన్యాయమే. కానీ బడిలో తిన్న దెబ్బ మనిషిలో ఏ రూపంలో మిగులుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

మరో తేదీ కూడా చూడాలి. బ్రిటన్ ప్రభుత్వ బడుల్లో బెత్తాన్ని నిషేధించాలా వద్దా అని 1986 జూలైలో కామన్స్ సభ ఓటింగు పెట్టుకుంది. నిషేధించాలని 231, వద్దని 230. ఒక్క ఓటు! మరునాడు రాకుమారుడి పెళ్ళి కావడంతో, ఆ సందడికి లండన్ రోడ్లు స్తంభించి బెత్తం పక్షం వాళ్ళు కొందరు సమయానికి సభకు చేరలేకపోయారని చెప్పుకుంటారు. చట్టం 1987 ఆగస్టులో అమలులోకి వచ్చింది. 'మటిల్డా' వచ్చింది 1988లో. అప్పటికి డాల్‌కు 72 ఏళ్ళు. చట్టం బెత్తాన్ని పక్కన పడేసిన ఏడాదికి ఆ ముసలాయన దాన్ని తీసి ట్రంచ్‌బుల్ చేతికిచ్చి, పిల్లలందరికీ చూపించాడన్నమాట. ఇంగ్లండులో ప్రైవేటు బడులకు నిషేధం 1999 దాకా రాలేదు.

నవల మొదటి ప్రతి చదివి ఉంటే మనలో ఎవరికీ నచ్చేది కాదేమో. అందులో మటిల్డాయే పుట్టు గడుగ్గాయి, తల్లిదండ్రులను పీడించుకు తినే పిల్ల. టీచరు పేరు మిస్ హేస్, గుర్రప్పందాల పిచ్చితో అప్పుల పాలైన మనిషి. మటిల్డా తన శక్తితో పందెం గెలిపించి చివరకు చచ్చిపోతుంది. స్టీఫెన్ రాక్స్‌బరో అనే సంపాదకుడు కథ నడవడం లేదని చెప్పి తిరిగి రాయించాడు. డాల్ గొణుక్కుంటూ రాశాడు, ఆ పైన పుస్తకాన్ని వేరే ప్రచురణకర్తకు ఇచ్చేశాడు. మొత్తానికి దుర్మార్గం పిల్లలో నుంచి లేచి హెడ్మిస్ట్రెస్ కుర్చీలోకి వెళ్ళింది. నా దృష్టిలో ఈ పుస్తకాన్ని నిలబెట్టిన మార్పు అదే. డాల్‌ను నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. యూదుల గురించి ఆయన అన్న మాటలకు 2020లో ఆయన కుటుంబమే క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

నవల సినిమాగా 1996లో అమెరికా వెళ్ళి వచ్చింది. దాని సంగతి అలా ఉంచి నాటకం దగ్గరికి వద్దాం.

రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ అంటే షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్‌లో, ప్రభుత్వ సాయంతో నడిచే సంస్థ. 1985లో 'లే మిజరాబ్ల్' సంగీత నాటకంలో భాగస్వామిగా చేరి దాని ఆదాయంతో చాలా ఏళ్ళు నెట్టుకొచ్చింది. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ అలాంటి పని తలపెట్టి, పిల్లల కథను ఎంచుకుంది. నాటకం రాయడానికి డెనిస్ కెల్లీని పిలిచింది. ఆయన అప్పటికి పెద్దవాళ్ళ కోసం కటువైన నాటకాలు రాసిన మనిషి, మ్యూజికల్ జోలికి ఎన్నడూ పోలేదు. పాటలు, సంగీతం టిమ్ మించిన్‌కు అప్పగించింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పెరిగిన ఈయన పియానో ముందు కూర్చుని హాస్యపు పాటలు పాడి జనాన్ని నవ్వించేవాడు. అంతకు పదేళ్ళ ముందు ఇదే కథకు పాటలు కట్టుకుంటానని డాల్ కుటుంబానికి ఉత్తరం రాసి, నమూనా పంపమనేసరికి జంకి వదిలేశాడట. వెతుక్కుంటూ వచ్చిన అవకాశాన్ని ఈసారి వదులుకోలేదు. దర్శకుడు మాథ్యూ వార్కస్. 2010 నవంబరులో స్ట్రాట్‌ఫర్డ్‌లోని కోర్ట్‌యార్డ్ థియేటరులో మొదటి ప్రదర్శన. పెద్ద థియేటరు మరమ్మతుల్లో ఉండగా తాత్కాలికంగా వేసుకున్న హాలు అది.

మ్యూజికల్ అంటే మన వాళ్ళకు వివరం అక్కర్లేదు. పద్య నాటకం చూసిన వాళ్ళకు అది తెలిసిన వ్యవహారమే. మాట పట్టనంత ఉద్వేగం వచ్చినప్పుడు పాత్ర రాగం అందుకుంటుంది. మనకు పద్యం, వాళ్ళకు పాట. వన్స్‌మోర్లు మాత్రం వాళ్ళకు లేవు, అది వాళ్ళ దురదృష్టం.

ఆ పాటల్లో ఒకదాని పనితనం చెప్పాలి. కొత్త పిల్లలు మొదటి రోజు బడి గేటు దగ్గరికి వస్తారు. అవతలి నుంచి పెద్ద పిల్లలు వాళ్ళను బెదిరిస్తూ పాడతారు. మొదటిసారి వింటే బెదిరింపు మాత్రమే వినిపిస్తుంది. కాసేపటికి గేటు ఊచల మధ్య ఒక్కొక్క అక్షరపు దిమ్మ వచ్చి దూరుతుంటే అప్పుడు అర్థమవుతుంది: పాటలోని మాటల్లో ఇంగ్లీషు అక్షరాల పేర్లు ఎ నుంచి జెడ్ దాకా వరసగా దాగి ఉన్నాయి. మన అవధానాల్లో దత్తపది విన్నవాళ్ళు ఈ విద్యను వెంటనే పోల్చుకుంటారు. పృచ్ఛకుడిచ్చిన పరభాషా పదాలను అర్థం మార్చి పద్యంలో ఇమిడ్చినట్టే ఇదీను. చప్పట్లకు తగిన గారడీయే. నన్ను పట్టింది మాత్రం దాని వెనక ఉన్న ఊహ. ఆ పిల్లలు అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చారు. అక్షరమాల అంతా వాళ్ళ చెవిన పడుతూనే ఉంది, భయంలో కలిసిపోయి. నిన్నటి దాకా తామే భయపడ్డ పెద్ద పిల్లలు ఈ రోజు ఆ భయాన్ని చిన్నవాళ్ళకు అప్పజెబుతున్నారు. రెప్టన్ సంగతి గుర్తుంది కదా.

ట్రంచ్‌బుల్ వేషం ఒక మగ నటుడికిచ్చారు, బెర్టీ కార్వెల్. స్థానం నరసింహారావు గారి సత్యభామను తలచుకునే మనకు ఇందులో వింత లేదు. ఇంగ్లండులో మాత్రం మగవాడు ఆడవేషం కట్టాడంటే, క్రిస్మస్ రోజుల్లో ఆడే పాంటోమైముల అలవాటు కొద్దీ, జనం నవ్వడానికి సిద్ధమవుతారు. కార్వెల్ ఆ నవ్వును రానిచ్చి మధ్యలో తుంచేశాడు. అరుపులు తగ్గించి, వీపు మీద గూనితో, సన్నని గొంతుతో, మర్యాదగా మాట్లాడే ట్రంచ్‌బుల్‌ను చేశాడు. కేకలు వేసే మాస్టారి కంటే నెమ్మదిగా పేరు పెట్టి పిలిచే మాస్టారికి మనం ఎక్కువ భయపడేవాళ్ళం కాదూ?

కెల్లీ నవలకు చేర్చిన ముఖ్యమైన భాగం ఒకటుంది. నాటకంలో మటిల్డా లైబ్రరీలో ఫెల్ప్స్ అనే ఆవిడకు రోజుకు కొంచెం చొప్పున ఒక కథ చెబుతుంది. సర్కసులో ఒక గారడీవాడు, గొలుసులతో ఎంత కట్టినా విడిపించుకునే వాడు. అతని భార్య గాలిలో విన్యాసాలు చేసే మనిషి. వాళ్ళకొక కూతురు, ఆ కూతుర్ని చీకటి కొట్లో పెట్టి హింసించే క్రూరురాలైన బంధువు ఒకావిడ. మటిల్డా తన ఊహలో అల్లుకుంటున్నాననుకున్న ఈ కథ మిస్ హనీ బాల్యమని, ఆ బంధువు ట్రంచ్‌బుల్ అని తర్వాత బయటపడుతుంది. నవలలోనూ మిస్ హనీని పెంచింది ట్రంచ్‌బులే, ఇల్లు కాజేసిందీ ఆవిడే. కానీ నాటకంలో ఒక పిల్ల చెప్పే కథ ద్వారా ఒక టీచరు నోరు విప్పని బాల్యం మనకు తెలుస్తుంది. చిన్నప్పుడు తనను బాధించిన మనిషి కిందే పెద్దయ్యాక ఉద్యోగం చేస్తూ, ఆవిడ గది తలుపు తట్టడానికి కూడా వణికే మిస్ హనీ నాకు ఈ నాటకం మొత్తంలో చాలా నిజమైన పాత్ర. బెత్తం బడిలో చదివిన వాళ్ళలో కొందరు ట్రంచ్‌బుల్‌లా తయారవుతారు, కొందరు మిస్ హనీలా మిగులుతారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మిత్రులకు ఇద్దరూ తెలిసే ఉంటారు.

పెద్దయ్యాక ఏమేం చేస్తామో చెప్పుకుంటూ పిల్లలు ఉయ్యాలల మీద ప్రేక్షకుల వైపు ఊగుతూ పాడే పాట రెండో అంకం మొదట్లో వస్తుంది. పిల్లలకు అది సరదా పాట. పక్కన కూర్చున్న తల్లిదండ్రులు కళ్ళు తుడుచుకునే పాట. ఒకే పాటను ఒకే హాల్లో రెండు తరాలు రెండు రకాలుగా వింటాయి. నాటకానికి ఇంత ఆదరణ రావడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం.

ఆదరణ మాటకు వస్తే, 2011 నవంబరులో లండన్ కేంబ్రిడ్జ్ థియేటరులో మొదలైంది. 2012 ఒలివియే అవార్డుల్లో ఏడు గెలిచింది, అప్పటికి అది రికార్డు. కార్వెల్ ఉత్తమ నటుడు. మటిల్డా పాత్రను రాత్రికొకరు చొప్పున నలుగురు చిన్నపిల్లలు వేసేవారు, ఎందుకంటే పిల్లల చేత వారమంతా వరసగా ఆడించడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. ఉత్తమ నటి బహుమతిని ఆ నలుగురికీ కలిపి ఇచ్చారు. 2013 ఏప్రిల్ నుంచి 2017 జనవరి 1 దాకా న్యూయార్క్ బ్రాడ్వేలో ఆడింది. 2022లో వార్కస్ దర్శకత్వంలోనే సినిమా అయింది, అందులో ట్రంచ్‌బుల్ ఎమ్మా థాంప్సన్.

ఇక మన సంగతి. వీధిబడుల కాలంలో కోదండం వేయించేవారని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. మన కాలానికి అది గోడకుర్చీ, గుంజీళ్ళు, తొడపాశం, చేతి వేళ్ళ మీద స్కేలు అంచుగా మారింది. దెబ్బకు దెయ్యమైనా దిగుతుందని ఇంట్లోనూ అనేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అది అమలులోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. స్ట్రాట్‌ఫర్డ్‌లో 'మటిల్డా' తెర లేచింది అదే ఏడాది నవంబరులో. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు, తేదీలు దగ్గర పడ్డాయంతే.

పూర్వ విద్యార్థుల సమావేశాల్లో దెబ్బల ముచ్చట్లు రాకుండా ఉండవు. ఎవరో ఒకరు లేచి, ఆ మాస్టారు నాలుగు తగిలించబట్టే ఈ రోజు ఇలా ఉన్నామని అంటారు. అందరం నవ్వుతాం, చప్పట్లు కొడతాం. చెప్పేవారి కృతజ్ఞతను నేను శంకించను. అయితే ఆ మాట చెప్పేది సమావేశానికి వచ్చినవాళ్ళు. నేను చదివిన బడుల్లో ఒకదానిలో నా పక్క బెంచీ కుర్రాడు లెక్కల పీరియడుకు హడలి ఎనిమిదో తరగతి మధ్యలో మానేశాడు. తెలివైనవాడు, తాడు బొంగరం నాకు నేర్పింది వాడే. వాడికి ఏ ఆహ్వాన పత్రికా వెళ్ళదు, ఎందుకంటే మన జాబితాలన్నీ పదో తరగతి రిజిస్టరు నుంచి తయారవుతాయి. అభిమానంతో చదువు చెప్పి, చేయి ఎత్తకుండానే తరగతిని కట్టిపడేసిన మాస్టార్లు, టీచర్లు మనకు లేకపోలేదు. ఈ సంచికలో వారి గురించి రాసిన పేజీలు అందరికంటే ముందు చదివేది నేనే. ఆ పక్కనే ఆ కుర్రాడికి కూడా ఒక పేరా చోటుండాలని ఇది రాశాను.

ఇప్పుడు ఈ నాటకానికి బడిపిల్లలు ఆడుకోవడానికి వీలుగా గంటసేపటి కుదించిన రూపం ఒకటి వచ్చింది. అనుమతి తీసుకుని ఎన్నో బడులు వార్షికోత్సవాలకు వేస్తున్నాయి. అందులో పాత్రలన్నీ విద్యార్థులవే. పదమూడేళ్ళ పిల్లో పిల్లవాడో బెల్టు బిగించి ట్రంచ్‌బుల్‌గా వేదిక ఎక్కి, చేతులు వెనక కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ హెడ్మిస్ట్రెస్ గొంతు పెట్టి గద్దిస్తాడు. ముందు వరసలో, పూలదండ పక్కన పెట్టుకుని, ఆ బడి ప్రధానోపాధ్యాయులు కూర్చుని చూస్తుంటారు.